వ్రాసిన చేయి
(ఒక పాత మిషనెరీ గ్రంథమును గూర్చిన విమర్శ)



ఒంగోలు ప్రాంతపు సంఘములలో పెరిగిన వారికి 2,222 అను సంఖ్య కంఠస్థమైన వచనమువంటిది. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున బాప్తిస్మము పొందినవారి సంఖ్య అది. వార్షికోత్సవములలో దానిని చెప్పుదుము, ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పుదుము. చెప్పవలసినదే, నేర్పవలసినదే. దేవుడు చేసిన కార్యమును మరచుట కృతఘ్నత.

అయితే ఆ దినమునకు ముందటి నెలలలోను, తరువాతి ఏండ్లలోను ఆ మిషను బంగళాలో ఏమి జరుగుచుండెనో మీరెప్పుడైన అడిగితిరా? తెల్లవారగనే వరండాలో వచ్చి కూర్చున్నవారి మొర ఎవరు వినిరి? దొరగారు గుడారము బండిమీద వేసికొని పల్లెలు తిరుగుచుండగా ఇంటిని, బడిని, రోగులను ఎవరు కనిపెట్టిరి? ముసలితనము వచ్చి కాళ్లు సడలినప్పుడు ఆ పనివాని ప్రక్కను ఎవరుండిరి? ఈ ప్రశ్నలు మనము అడుగము. మనకు కథ చెప్పబడిన తీరు అట్టిది. ఆ తీరు ఎట్లు ఏర్పడెనో చూచుటకు ఒక పాత గ్రంథమును మీ యెదుట ఉంచుచున్నాను.

అది ఆంగ్ల గ్రంథము. 1914వ సంవత్సరమున న్యూయార్కులో మేక్‌మిలన్ కంపెనీవారు అచ్చువేసిరి. దాని పేరును తెలుగులో చెప్పవలెనన్న, “తూర్పు దేశములలో సాంఘిక క్రైస్తవ్యము” అని చెప్పవచ్చును. పేరు క్రింద మరియొక మాట ఉన్నది: ఇది ఒక మనుష్యుని కథ, ఒక మిషను కథ, ఒక ఉద్యమపు కథ అని. గ్రంథకర్త జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు. అయితే ఆయన కొరకు దీనిని వ్రాసిపెట్టినది ఆయన భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారని ఆ మొదటి పుటమీదనే అచ్చుపడి యున్నది. దొరగారు 1910లోనే ప్రభువునందు నిద్రించిరి. కాబట్టి పుస్తకము బజారునకు వచ్చునప్పటికి, “నేను” అని అందులో మాటలాడుచున్నవాడు లేడు. ఆ “నేను”ను వ్రాసిన చేయి మాత్రము ఉన్నది.

ముందుగా ఆ దంపతులను గూర్చి కొంచెము చెప్పవలెను. క్లౌ దొరగారు 1836లో అమెరికాలో పుట్టిరి. పడుచు ప్రాయమున భూములు కొలుచు సర్వే పని నేర్చిరి. 1861లో హారియెట్ సండర్లాండు అను ఆమెను పెండ్లాడిరి. ఆ యిద్దరును 1864 నవంబరులో జూవెట్ దొరగారితో కూడ బోస్టను రేవునుండి తెరచాప ఓడ ఎక్కిరి. అప్పటికి సూయజు కాలువ ఇంకను తెరువబడలేదు. ఆఫ్రికా ఖండమును చుట్టి రావలెను. నాలుగు నెలలు సముద్రముమీద గడిపి 1865 ఏప్రిలులో వారు చెన్నపట్టణమున దిగిరి. 1866లో ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనిమిదిమందియే. హారియెట్ దొరసానిగారు 1893లో మరణించిరి. 1894లో ఎమ్మాగారితో రెండవ వివాహము జరిగెను. ఈమె పెండ్లికి ముందే తన స్వంత పిలుపుతో మిషనెరీగా ఈ దేశమునకు వచ్చినది. ఈమె తండ్రి రాచెస్టరులో వేదపండితుడు; తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్‌గారు సాంఘిక న్యాయమును గూర్చి అమెరికాలో గొప్పగా బోధించిన వాడు. అప్పటినుండి 1910 వరకు పదునారు సంవత్సరములు, వృద్ధుడగుచున్న మిషనెరీకి ఈమె సహధర్మచారిణి.

ఈ గ్రంథములో మెచ్చుకొనవలసిన సంగతులు ఎన్నో యున్నవి; అవి చెప్పక తప్పు పట్టుట న్యాయము కాదు.

మొదటిది, ఇది ఒంగోలు ఉజ్జీవమునకు ఒక తెల్లవాడే కారణమని చెప్పదు. యర్రగుంట్ల పేరయ్యగారికి ఇందులో పెద్ద పీట వేయబడినది. ఆయన తోళ్ల వ్యాపారము చేయు మాదిగ సోదరుడు. వ్యాపారము నిమిత్తము ఉత్తరముగా ఏలూరు వైపు వెళ్లి, అక్కడి మిషనెరీలవలన సువార్త వినెను. 1866లో ఆయనయు, ఆయన భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. దొరగారికి తెలుగు ఇంకను నాలుకకు పట్టక మునుపే ఈ మనుష్యుడు తన బంధువుల మధ్య సువార్త చల్లుచుండెను. ఈ సంగతిని దొరగారు దాచుకొనలేదు.

రెండవది, కరువును గూర్చిన భాగము. 1876 మొదలుకొని 1878 వరకు చెన్నపట్టణపు రాజధానిలో వచ్చిన గొప్ప కరువులో, దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. పడుచు ప్రాయమున నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకు వచ్చెను. ఆకలిగొన్నవారికి ధర్మము చేయుటకంటె కూలి ఇచ్చుట మేలని ఆయన ఎంచెను. మన బోధకులు మేస్త్రీలుగా నిలిచి, మధ్యాహ్నపు విరామములో ప్రభువును గూర్చి చెప్పిరి. అయినను పదునైదు మాసములు ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. జనులు కూటి కొరకు వచ్చుచున్నారేమో అని భయపడెను. కరువు సాయము ముగిసిన పిమ్మటనే గుండ్లకమ్మ యొడ్డున ఆ మూడు దినములలో 3,536 మంది నీటిలోనికి దిగిరి. బాప్తిస్మమిచ్చిన చేతులు కూడ ఆరుగురు తెలుగు బోధకులవి. వారు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చిరి. కావున ఆ గొప్ప దినము సయితము ఒక్కని దినము కాదని గ్రంథమే సాక్ష్యమిచ్చుచున్నది.

మూడవది, నాకు మిక్కిలి ప్రియమైనది. ఒంగోలులో వారు కాపురము పెట్టిన తొలి దినములలో, పై కులములవారు దొరగారి యెడల ఆదరము చూపుచుండిరి. వారి పిల్లలు బడికి వచ్చుచుండిరి. ఇంతలో మాదిగ సోదరులు సంఘములో చేరవచ్చిరి. వీరిని చేర్చుకొన్నయెడల మేము రామని పై కులములవారు తేల్చిచెప్పిరి. దొరగారికి ఏమి చేయవలెనో తోచలేదు. ఆయన తన గదిలో కూర్చుండి లేఖనము తెరచెను. మొదటి కొరింథీయుల పత్రిక, మొదటి అధ్యాయము, 26వ వచనము మొదలుకొని ఉన్న భాగము కంటబడెను. అదే సమయమున హారియెట్ దొరసానిగారు వేరొక గదిలో, భర్త ఏమి చదువుచున్నాడో ఎరుగక, తన పుస్తకమును తెరచెను. ఆమెకును ఆ భాగమే కనబడెను. లోకములో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు చెప్పిన చోటు అది. ఇద్దరు కలిసికొని తమకు దొరికిన వాక్యమును ఒకరికొకరు చెప్పుకొన్నప్పుడు సందేహము తీరెను. మనవారికి సంఘద్వారము తెరువబడెను.

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుడి. ఒంగోలు చరిత్రను మలుపు త్రిప్పిన ఘడియ ఇది. ఏటియొడ్డున వేలమంది నిలువకముందు పదియేండ్లకు పైగా, ఒక ఇంటిలో, రెండు గదులలో ఇది జరిగినది. ఒకరికే ఆ వచనము దొరికియుండినయెడల అది తన మనస్సు కోరినదేనేమో అని అనుమానము మిగిలియుండును. ఇద్దరు సాక్షుల నోట మాట స్థిరపడెను. మరి ఇంత గొప్ప సంగతిని చెప్పిన పుస్తకము, తన పేరు క్రింద ఏమి వ్రాసికొన్నది? “ఒక మనుష్యుని కథ” అని. ఆ రెండవ గది ఎక్కడికి పోయెను?

ఇదియే నా మొదటి తప్పెన్నిక. ఈ గ్రంథపు బరువంతయు మనుష్యుని మీద, మిషను మీద, ఉద్యమము మీద ఉన్నది. గృహము మీద లేదు. పెద్ద దినములకు వెలుగు ఎక్కువ, చిన్న దినములకు వెలుగు తక్కువ. ఆ కాలపు మిషనెరీ కుటుంబములలో పిల్లల చదువు నిమిత్తము తల్లి స్వదేశములోను తండ్రి ఇక్కడను ఏండ్ల తరబడి విడిపోయి యుండుట సామాన్యము. బిడ్డను ఓడ ఎక్కించి వెనుకకు వచ్చిన తల్లి ఆ రాత్రి ఇంటిలో దీపమెట్లు వెలిగించెనో వ్రాసినయెడల, అది కూడ సువార్త చరిత్రలో భాగమే గదా! మనము చెల్లించిన కానుక పుస్తకములో లెక్కకెక్కును. వారు చెల్లించిన ఈ వెల ఏ లెక్కలోను కనబడదు.

ఇందులో ఒక వింత యున్నది. దీనిని వ్రాసిన ఎమ్మా దొరసానిగారు సామాన్యురాలు కాదు. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయమున పండిత పట్టము పొందినది. ఆమె పరిశోధించి వ్రాసిన విషయమేమనగా, 1792లోనే స్త్రీల హక్కులను గూర్చి ఆంగ్ల దేశమున గ్రంథము వ్రాసిన మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ అను స్త్రీ జీవితము. ఆ పరిశోధన 1898లో పుస్తకముగా వెలువడినది. స్త్రీ హక్కును గూర్చి ఇంత తెలిసిన ఆమె, తన భర్త కథ వ్రాయ కూర్చున్నప్పుడు తనను తాను మాపుకొన్నది. తనకు ముందు ఆ యింట దీపము పెట్టిన హారియెట్‌గారిని గూర్చి వ్రాయవలసివచ్చినప్పుడు, భర్త “నా భార్య” అన్న మాటను ఈ రెండవ భార్య తన చేతితోనే వ్రాయవలెను. ఆ పని ఎంత సుకుమారమైనదో కాపురము చేసినవారికి తెలియును. దానిని ఆమె అసూయ లేక చేసినది. ఇది ఆమె ప్రేమకు గురుతని నేను ఒప్పుకొందును, ఆమెను నిందింపను. కాని ప్రేమతో తన్ను తాను దాచుకొనుట వేరు, చదువరి ఆమెను చూడకుండ పోవుట వేరు. మొదటిది ఆమె త్యాగము; రెండవది మన నిర్లక్ష్యము.

ఈమె తన స్వంత పేరుతో వ్రాసిన మరియొక పుస్తకమును దీని ప్రక్కను పెట్టి చూడుడి. 1899లో లండనులో అచ్చుపడిన ఆ పుస్తకము పేరు “చెప్పులు కుట్టుచుండగా” అని అర్థము. భర్త గొంతుతో వ్రాసినప్పుడు ఉద్యమమును గూర్చి వ్రాసిన ఈమె, తన గొంతుతో వ్రాసినప్పుడు చెప్పులు కుట్టు చేతుల ప్రక్కను కూర్చుండి కథలు వినినది. మాదిగవాడలలోని మాతంగి కథలు, అంకమ్మ కొలువులు, రాజయోగుల బోధలు, పేరయ్యగారివంటి వారు క్రీస్తును ఎరుగక మునుపు దేవుని వెదకిన విధములు ఆమె ఓపికతో వ్రాసికొన్నది. మన పితరులు సువార్త రాకమునుపు వట్టి చీకటిలో పడియున్న మూగవారు కారనియు, వారును వెదకుచుండిరనియు ఈ పుస్తకమువలన తెలియుచున్నది. దినచర్యను వినువానికే ఇట్టి సంగతి దొరకును. అయితే ఈ పుస్తకములోను ఒక ముల్లు ఉన్నది. దాని పేరు క్రింది వరుసలో మనవారిని “పరయ తెగ” అని పిలిచినది. ఆ దినములలో తెల్లవారు తలంపు లేకయే వాడిన మాటయై యుండవచ్చును. అయినను దేవుడు కుమారులనియు కుమార్తెలనియు పిలిచినవారిని ఆ మాటతో పిలుచుట నేడు చదువుటకు నొప్పిగానే యున్నది. ప్రేమించినవారి నోట కూడ తప్పు మాట రావచ్చునని ఇందువలన నేర్చుకొందము.

రెండవ తప్పెన్నిక దీనికంటె లోతైనది. క్లౌ దొరగారు సంఘములో చేరువారికి మూడు కట్టడలు విధించిరని గ్రంథములో ఉన్నది: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములను పూజింపకూడదు. వీటివలన మనవారికి గ్రామములో వచ్చిన శ్రమలు కూడ గ్రంథములో ఉన్నవి. పండుగలో డప్పు కొట్టుటకు వారు రామనిరి, రైతులు కోపించిరి. ఇదంతయు నిజమే. కాని ఈ మూడు కట్టడలను చావడిలో నిలువబడి చదువుట ఒకటి. పొయ్యి దగ్గర కూర్చుండి చదువుట మరియొకటి.

ఆ దినములలో చచ్చిన పశువు మాదిగవారికి వాడుక ప్రకారము వచ్చు హక్కుగా ఉండెను. దాని తోలుతో రైతుకు చెప్పులు, బొక్కెనలు చేసియిచ్చుచుండిరి. దానికి ప్రతిగా కల్లములో గింజలు. ఆ మాంసము మానివేయుడని చెప్పుట ఒక్క క్షణపు మాట. అయితే ఆ సాయంకాలము కుండలో ఏమి వేయవలెను? ఆ ప్రశ్న ఇంటి ఇల్లాలిది. ఆదివారము కోతకు పోకపోయిన యెడల సోమవారము పిల్లల చేతిలో సంకటి ముద్ద చిన్నదగును. ఆ ముద్దను కొలిచి పెట్టినది తల్లి. విగ్రహము మానినందున బిడ్డకు జ్వరము వచ్చెనని అత్త నిందించినప్పుడు ఆ మాట పడినది కోడలు. మూడు కట్టడలను ఇచ్చినవాడు దొరగారు. వాటిని మూడు పూటలు మోసినవారు మన ముత్తవ్వలు. గ్రంథములో నాగమ్మగారి పేరున్నది, మంచిదే. కాని నాగమ్మగారివంటివారు వేలమంది ఉండిరి. ఉద్యమము అను మాట క్రింద వారి పొయ్యిలన్నియు కప్పబడిపోయినవి.

ఇక్కడ ఎవరైన అడుగవచ్చును: “భార్యాభర్తలు ఏకశరీరమై యున్నారని లేఖనము చెప్పుచున్నది గదా, భర్త పేరు చెప్పినయెడల భార్య పేరు అందులో ఉండనే ఉన్నది. విడదీసి లెక్కపెట్టుట లోకపు వాడుక కాదా?” ఈ ప్రశ్న భక్తితో అడిగినదే, దానికి భక్తితోనే ప్రత్యుత్తరము చెప్పవలెను. పౌలు ఏమి చేసెనో చూడుడి. అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు స్వదేశము విడిచి పరదేశములో కాపురము చేసిన పనివారు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో వారు డేరాలు కుట్టువారని ఉన్నది. పౌలును వారితో కూడ కుట్టెను. కుట్టుపని, వంట, అతిథి సత్కారము, అపొల్లోను ఇంటికి పిలిచి దేవుని మార్గమును పూర్తిగా విశదపరచుట, ఇవియన్నియు ఒకే ఇంటిలో జరిగినవి. వారిని తలచినప్పుడు పౌలు అకులను మాత్రమే చెప్పి ఊరకుండలేదు. రోమా 16వ అధ్యాయము 3వ వచనములోను, తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక కడపటను, భార్య పేరు ముందుగా వ్రాసెను. ఏకశరీరమని ఎరిగిన అపొస్తలుడే రెండు పేర్లు వ్రాసినయెడల, మనము ఒక పేరుతో సరిపెట్టుకొనుటకు అధికారము ఎక్కడిది?

మరియొక సంగతి కూడ ఈ గ్రంథమువలన నేర్చుకొనవచ్చును. అది ముసలితనపు పరిచర్యను గూర్చినది. మనకు పడుచు మిషనెరీ కథ ఇష్టము: ఓడ, ఎడారి, పులి, ఏటిలో బాప్తిస్మములు. ముసలి మిషనెరీ ఏమి చేయును? క్లౌ దొరగారు తొలిదినములలో తాను ఒక్కడే తిరిగిన పొలమును 1880 తరువాతి ఏండ్లలో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల అని పంచి, పడుచువారి చేతికి అప్పగింపవలసి వచ్చెను. పెంచిన చేతులతోనే పంచుట సులభము కాదు. మనలో పొలము కొడుకులకు పంచిన తండ్రులకు ఇది తెలియును. తరువాత నడిచి తిరిగిన కాళ్లు నిలిచినప్పుడు, మిగిలిన పరిచర్య జ్ఞాపకము చేసికొనుటయు, చెప్పుటయు. చెప్పువాడు ఒకడు, వ్రాయువారు ఒకరు. వృద్ధ దంపతులు చేయదగిన సేవలలో ఇది చిన్నది కాదు. తాము చూచిన దేవుని కార్యములను తరువాతి తరమునకు అప్పగించుట కీర్తనకారుడు తన ముదిమిలో కోరుకొన్న పని. ఆ పని జరుగకపోయినయెడల నేడు నేను విమర్శించుటకు ఈ పుస్తకమే యుండదు. నేను తప్పెన్నుచున్న ప్రతి పుటయు ఆ ముసలి యింటిలో ఒక స్త్రీ ఓపికతో వ్రాసిన పుటయే. దీనిని మరచి విమర్శించినయెడల నా విమర్శకు కూడ విమర్శ కావలసివచ్చును.

ఇక మన సంగతి. కొంతకాలము క్రిందట నేనొక పల్లె సంఘపు వార్షికోత్సవమునకు వెళ్లితిని. గుడి గోడకు చలువరాయి పలక ఉన్నది. దానిమీద ఆ సంఘమును నలువది యేండ్లు కాచిన పాస్టరు అయ్యగారి పేరు, తేదీలు, పూలదండ. ఆ పలక క్రిందనే ఒక ముసలి అమ్మగారు చాపమీద కూర్చుండి యున్నారు. భోజనముల వేళ నా ప్రక్కన కూర్చున్న ఒక రైతు సోదరుడు చెప్పెను: “మా అమ్మ చనిపోయిన రాత్రి అయ్యగారు ఊరిలో లేరండి. ఈ అమ్మగారే వచ్చి తెల్లవార్లు ప్రార్థనలో కూర్చున్నారు. మా పిల్లలందరికి అక్షరములు దిద్దించినది కూడ ఈ అమ్మగారే.” నేను పలక వైపు చూచితిని. అందులో ఆమె పేరు లేదు. మధ్యాహ్నపు కూటములో అయిదుగురు పెద్దలు అయ్యగారిని గూర్చి ప్రసంగించిరి. ఆమెను ఒక్క మాట చెప్పుమని ఎవరును అడుగలేదు. సభ ముగిసిన పిమ్మట ఆమె లేచి, అలవాటు చొప్పున చాపలు చుట్టుచుండెను.

క్లౌ దొరగారి గ్రంథములోని లోపమును నేను అంత దూరముగా కనుగొనుటకు కారణము ఆ చాపలే. పరదేశపు దంపతుల కథలో ఒక గది చీకటిగా ఉన్నదని మనము చెప్పవచ్చును. మన స్వంత గుడిలో, మన కన్నుల ఎదుట, మన భాషలో, అదే చీకటి ఉన్నది. 1914లో న్యూయార్కులో అచ్చుపడిన తప్పును మనము మార్చలేము. మన గోడమీది పలకను మార్చుకొనవచ్చును.

కాబట్టి చదువరులారా, మూడు చిన్న పనులు మీతో మనవి చేయుచున్నాను. మొదటిది, మిషనెరీ కథ చదువునప్పుడును వినునప్పుడును, “ఆ దినమున ఆ ఇంటిలో ఎవరుండిరి?” అని అడుగుడి. అడిగినయెడల అనేక మార్లు కథలోనే జవాబు దొరకును. ఒంగోలు బంగళాలోని రెండవ గది దొరకినట్లు దొరకును. రెండవది, మీ సంఘపు పుస్తకములో పాస్టరు అయ్యగారి పేరు ఉన్న చోట అమ్మగారి పేరు కూడ వ్రాయించుడి. బైబిలు స్త్రీల పేర్లు, గుడి ఊడ్చి దీపము పెట్టిన వితంతువుల పేర్లు, తొలి విశ్వాసుల యిండ్లలో కట్టడలను పొయ్యి దగ్గర మోసిన ముత్తవ్వల పేర్లు తెలిసినంతవరకు వ్రాయించుడి. ముసలివారు బ్రదికి యుండగనే అడుగుడి. తరువాత అడుగుటకు ఎవరును ఉండరు. మూడవది, పని చాలించుకొన్న పాస్టరు దంపతులు మీ గ్రామములో ఉన్నయెడల, ఒక సాయంకాలము వారి యింటికి వెళ్లుడి. అయ్యగారు చెప్పుచున్నప్పుడు అమ్మగారు మధ్యలో అందుకొని సరిదిద్దుదురు. “కాదండి, ఆ వాన ఆ యేడు కాదు” అందురు. ఆ సరిదిద్దిన మాటను కూడ వ్రాసికొనుడి. నిజమైన మిషను చరిత్ర తరచుగా అక్కడ ఉండును.

క్లౌ దొరగారి గ్రంథమును చదువవద్దని నేను చెప్పుట లేదు. ఆంగ్లము వచ్చినవారు తప్పక చదువుడి. రానివారికి చదివి చెప్పుడి. దేవుడు మాదిగపల్లెలను జ్ఞాపకము చేసికొన్న కాలమునకు అది సాక్షి. అయితే చదువునప్పుడు “నేను” అన్న ప్రతిచోటను ఆ కలము పట్టుకొన్న చేతిని తలచుకొనుడి. ఆ చేతి వెనుక ఇంతకుముందు ఆ యింటిని నిలిపిన మరియొక చేతిని తలచుకొనుడి. వాటి వెనుక, కుండలో గింజలు తక్కువైనను ఆదివారమును కాపాడిన మన తల్లుల చేతులను తలచుకొనుడి.

మనుష్యులు వ్రాసిన గ్రంథములలో కొన్ని పేర్లు జారిపోవును. గొఱ్ఱెపిల్ల జీవగ్రంథములో జారిపోయిన పేరు ఒక్కటియు లేదు. ఆ గ్రంథమును ఎరిగిన మనము, మన చేతనైనంత మట్టుకు, మన చిన్న పుస్తకములను కూడ దానికి సరిపడునట్లు దిద్దుకొందము. ప్రభువు మనకు చూచు కన్నులను, మరువని హృదయములను దయచేయును గాక. ఆమేన్.